అవ్వ చేతికి తిరిగే కొళాయి

పోయిన వారం మా తిరుపతి ఫ్లాటులో వంటింటి కొళాయి మార్చడానికి ప్లంబరు వచ్చాడు. కొత్తది తళతళలాడే స్టీలుది. పిడి పైకెత్తితే నీళ్లు, కిందికి నొక్కితే బందు, అంతే సంగతి. అతను దాన్ని బిగిస్తుండగా సంచిలోంచి ఎవరింట్లోనో ఊడదీసిన పాత ఇత్తడి కొళాయి ఒకటి జారి గచ్చు మీద పడితే, ఊరికే వంగి చేతిలోకి తీసుకున్నాను. తల మీద రెండు చెవులున్న పాతకాలపుది, మెడ చుట్టూ పచ్చటి చిలుము, గొంతులో ఎప్పటిదో తడి. అతనికి తిరిగి ఇచ్చేశాక అరచెయ్యి వాసన చూసుకున్నానంటే నవ్వుకోకండి. తడిసిన ఇత్తడి వాసన, కొంచెం తుప్పు, కొంచెం చింతపండు. చింతపండు అక్కడ నిజంగా ఉండే వీల్లేదు, అది నా ముక్కు సొంతంగా కలుపుకున్నదే. ఆ చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను, పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు.

మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. సాయంత్రం ఆయన ఇంటికొస్తుంటే మనిషి కంటే ముందు బెల్లం వాసన గడప దాటేది, గడప బయట విడిచిన చెప్పుల దాకా గండుచీమలు బారులు తీరేవి. ఇంట్లో మేము నలుగురం: నాయన, అమ్మ, నేను, మా ముగ్గురి మీదా పెత్తనం చేసే నాయన తల్లి, అంటే మా అవ్వ. అవ్వ మనిషి చిన్నది, గొంతు పెద్దది. పొద్దున లేచింది మొదలు రాగిసంగటి కెలుకుతూనో, చెనిక్కాయలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరుతూనో, పెరటాసి నెల శనివారమైతే దేవుడి తళిగ నైవేద్యానికి చక్కెర పొంగలి దించుతూనో ఉండేది. చెయ్యి ఏ పనిలో ఉన్నా కన్ను మాత్రం ఇంటి వెనక గచ్చు మీద, ఆ గచ్చు మూల గోడలోంచి తల బయట పెట్టిన ఇత్తడి కొళాయి మీద ఉండేది. ఇల్లంతటికీ అదొక్కటే కొళాయి. నేను పుట్టకముందే వచ్చింది కాబట్టి అవ్వ లెక్కలో అది నాకంటే పెద్దది, నాకంటే బుద్ధిమంతురాలు కూడాను.

ఎండలు ముదిరితే మా వీధికి నీళ్లు రోజు మార్చి రోజు, అదీ కాకులు లేవకముందు వచ్చేవి. ముందు గొట్టంలో ఎవరో నిట్టూర్చినట్టు గాలి, ఆ తర్వాత దగ్గు, ఆ తర్వాత ఎర్రటి తుప్పు నీళ్లు కాసిన్ని ఉమ్మి, అప్పటికి గానీ అసలు ధార మొదలయ్యేది కాదు. ఆ నిట్టూర్పు వినడానికి అవ్వకు ఏ గడియారమూ అక్కర్లేదు. తుప్పు పోయాక పట్టిన మొదటి చెంబు ఆమెది. దాన్ని దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోయి, దీపం ముందర పెట్టి, దండం పెట్టుకుని, ఆ నీళ్లే రెండు గుక్కలు తాగేది. ఆ గుక్కలు పడందే కాఫీ కాదు గదా, ఉమ్మి కూడా మింగదని అమ్మ వెనక గొణిగేది. శుక్రవారం వచ్చిందంటే కొళాయి తలకు పసుపు, నుదుట కుంకుమ. "గంగమ్మ మనింటికొచ్చే వాకిలి అమ్మణ్ణీ ఇది. వాకిలికి బొట్టు పెట్టమా?" అనేది. మొదటి చెంబు ఇంకెవరైనా పడితే ఆ వాకిట్లోంచి గంగమ్మ వెనక్కి తిరిగి పోతుందని ఆమె నమ్మకం, కాబట్టి మేమంతా ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని, ఆవులిస్తూ, అవ్వ దేవుడి గూటి దగ్గర్నుంచి వచ్చేదాకా వరసలో నిలబడేవాళ్లం.

కొళాయికి ఆమె పెట్టిన చట్టాలు ఇన్నీ అన్నీ కావు. దాని మెడకు బిందె తగిలించకూడదు, తగిలిస్తే "నీ మెడకు తగిలిస్తే ఎట్లుంటాదో సూడు" అని నిజంగానే మన మెడకు వేలాడదీయబోయేది. మూతికి కట్టిన వడపోత గుడ్డను నీళ్లు ఆగిన ప్రతిసారీ విప్పి, ఉతికి, ఎండేసి మళ్లీ కట్టాలి. తోమేది చింతపండుతోనే, ఇటుకపొడి ముట్టుకోకూడదు. పొడి మరల్లోకి దిగితే కొళాయికి దగ్గు పట్టుకుంటుందని ఆమె వైద్యం. మామిడికాయల కాలంలో మా వీధి పిల్లలమంతా మోచేతుల దాకా రసం కారుతూ, మూతుల చుట్టూ పీచు అంటించుకుని, ఈగలను వెంటేసుకుని వచ్చేవాళ్లం. ఆ జిగురు చేతులతో కొళాయి తల ముట్టుకుంటే చెవి మెలి, బక్కెట్లో ముంచుకుని కడుక్కోవాల్సిందే. ధారకు బొటనవేలు అడ్డం పెట్టి అచ్చంగాయలాడే పిల్లల మీదికి చిమ్మిస్తే రెండు చెవులూ మెలి.

అన్నిటినీ మించిన చట్టం కొళాయి కట్టడం గురించి. "సుక్క కూడా కారకూడదు" అనేది. చుక్క రాలిందంటే ఇంట్లో ఎవరికో పాలు లేకుండా పోయినంత బాధ ఆమెకు. అందుకని నీళ్లు పట్టడం అయ్యాక ఎవరు కట్టినా సరే, అవ్వ వెనకే వచ్చి, పైట చెంగు చేతికి చుట్టుకుని, పళ్లు బిగబట్టి ఇంకొంచెం తిప్పేది. తర్వాత చుక్క రాలితే తనను అంటారేమోనని అమ్మ వచ్చి తన వంతు బిగించేది. మండీకి పోతూ పోతూ నాయన, బెల్లం బస్తా మూతి బిగించిన అలవాటు గదా, దాని పీక నులిమినంత పని చేసి పోయేవాడు. ఇట్లా ముగ్గురి బలమూ దిగమింగుకుని కూర్చున్న కొళాయి మర్నాటికి ఎవరి మాట వింటుంది? అవ్వ చెయ్యి రోలు దగ్గర గట్టిపడిన చెయ్యి కాబట్టి తిప్పగలిగేది. నేను రెండు చేతులతో వేలాడినా కదిలేది కాదు.

అంతగా బిగిస్తే లోపలి వాషరు నలిగి చస్తుందని మాకెవరికీ తట్టలేదు. అది తెగేది, చుక్క మొదలయ్యేది, చుక్క ఆగాలని ఇంకా బిగించేవాళ్లం, అది ఇంకా తెగేది. బాగు చేసే పని నాయనది. ప్లంబరును పిలవడమంటే ఆయనకు పరువు తక్కువ. తన దగ్గర ఒక పానా, కొంచెం జనపనార, బోలెడంత ధైర్యం ఉండేవి. నీళ్లు రాని వేళ చూసి కొళాయి తల ఊడదీసేవాడు, వీధి వైపు వాల్వు కట్టాలన్న ఆలోచన ఏనాడూ చేయలేదు. ఒక వినాయక చవితి నాడు అమ్మ కుడుములు ఆవిరి మీద పెట్టింది, అవ్వ పత్రి విడదీస్తోంది, నాయన పండగపూట చుక్క రాలకూడదని గచ్చు మీద కూర్చుని తల ఊడదీశాడు. పండగని ఆ పూట నీళ్లు అదనంగా వదిలారు. గొట్టం నిట్టూర్చింది. "అమ్మా, గంగమ్మ ఇప్పుడొస్తాదా?" అని నాయన అడిగి ముగించేలోపు ఆమె వచ్చేసింది. ధార ఎదుటి గోడకు కొట్టి, పత్రి తడిపి, కుడుముల పొయ్యి ఆర్పి, నాయన కొత్త పంచెను ఒంటికి అతికించేసింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి "పట్టుకోండే! ఎవరన్నా పట్టుకోండే!" అని కేకలు వేస్తుంటే, అవ్వ మాత్రం అంత గోలలోనూ పరుగెత్తి చెంబు తెచ్చి మొదటి నీళ్లు పట్టుకుంది.

అసలు రామాయణం ఆ తర్వాత మొదలైంది. ఉగాది ముందర ఇల్లు దులుపుతుంటే, వెనక మేకుకు వేలాడుతున్న నాయన పాత తోలు చెప్పు అవ్వ కంట పడింది. దాని అడుగున గుండ్రటి బొక్క.

"దీనికి బొక్క ఎట్ల పడింది రా?"

"ఎలక కొరికిందేమో మా."

"గుండ్రంగా గీత గీసుకోని కొరికిందా?"

నాయనకు అబద్ధం చేతనైతే మండీలో ఇంకా పైకి వచ్చేవాడు. నెత్తి గోక్కుంటూ కొళాయి వైపు చూశాడు. అంతే, అవ్వకు అర్థమైపోయింది. రబ్బరు వాషర్లు నిలవవు, తోలైతే నిలుస్తుందని ఎవరో చెబితే ఆయన పాత చెప్పు తోలు కోసి, ఆముదంలో నానబెట్టి వేశాడు. అది చక్కగా, చుక్క లేకుండా పనిచేస్తోంది కూడా. రామ రామ! ఇన్నాళ్లూ దేవుడి ముందర పెట్టిన నీళ్లు చెప్పులోంచి వచ్చాయా! అవ్వ తల పట్టుకుని గచ్చు మీదే చతికిలబడింది. ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే, చెంబూ, బిందే చింతపండుతో తోమించి, కొళాయికి పసుపు నీళ్లతో తలంటి, ఇంక తన ప్రాణం ఉన్నంతవరకు ఈ కొళాయిలోకి తోలు దూరకూడదని నాయన చేత దేవుడి గూటి ముందర ఒట్టు వేయించింది. నాయన సైకిలు ట్యూబు ముక్క కోసి వేశాడు. ట్యూబు పలచన, ఊరికే కడితే నీళ్లు ఆగేవి కావు. కాబట్టి మళ్లీ అవ్వ చెంగు, అమ్మ భయం, నాయన బస్తా పట్టు.

ఆ వేసవిలోనే అవ్వ పడింది. గచ్చు మీద పాచి పట్టిందని, ఎవరికి చెప్పినా సరిగ్గా చెయ్యరని, తనే అరిగిపోయిన చీపురు తీసుకుని రుద్దుతూ జారింది. కుడి మణికట్టు వాచి వంకాయంత అయింది. నాయన అప్పటికప్పుడు బస్సులో, విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు తీసుకుపోయాడు. కట్టు కట్టించుకుని, ఆకు పసరూ కోడిగుడ్డూ కలిసిన వాసనతో సాయంత్రానికి తిరిగొచ్చిన మనిషి నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. రేపు మొదటి చెంబు ఎవరు పడతారని అడిగింది. కట్టు విప్పేదాకా అమ్మ పట్టాలని, అదీ తలస్నానం చేసి పట్టాలని తీర్పు చెప్పి, మనసు లేకుండానే ఆ నీళ్లు తాగేది. చివరికి ఓపిక నశించి, చెప్పిన గడువుకు ముందే, ఎవరూ లేని సమయం చూసి కత్తిపీట మీద కట్టు కోసేసుకుంది. మళ్లీ వెళ్దాం రమ్మని నాయన ఎంత బతిమాలినా కదల్లేదు. ఎముక అయితే అతుక్కుంది, చేతిలో పట్టు మాత్రం తిరిగి రాలేదు.

కట్టు విప్పిన మర్నాడు నీళ్లొచ్చే రోజు. గొట్టం నిట్టూర్చింది. అవ్వ చెంబు పెట్టుకుని కొళాయి తల పట్టుకుంది. తిరగలేదు. చెంగు చుట్టింది, తిరగలేదు. చెంబు కింద పెట్టి రెండు చేతులూ వేసింది. నేను ఆమె వెనకే ఉన్నాను, మెడ నరాలు తేలడం చూశాను. లోపల నీళ్లు వచ్చి మూత దగ్గర నిలబడి ఉన్నాయి, ఆమె బయట నిలబడి ఉంది. "లేయత్తా, నేను తిప్పుతాను" అని అమ్మ వచ్చి తిప్పేసింది. ధార పడింది. అవ్వ చెంబు పట్టింది గానీ దేవుడి గూటి దగ్గరికి పోలేదు, ఆ నీళ్లు తులసి మొదట్లో పోసి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె గొంతులో చుక్క పడలేదు.

మేమంతా ప్రేమతో ఎంత తప్పు చేశామంటే, అన్నీ ఆమె చేతికే అందించడం మొదలుపెట్టాం. ఆమె లేచేసరికి వెండిచెంబు నిండా నీళ్లు మంచం పక్కన. కాళ్లు కడుక్కోవడానికి బక్కెట్టు గడప దగ్గర. పీట ఎక్కడ వాల్చితే అక్కడ గ్లాసు. "నీకెందుకమ్మా శ్రమ, కూర్చో" అని నాయన పూటకొకసారి అనేవాడు. అవ్వ గొంతు రోజురోజుకీ చిన్నదైపోయింది. నేను మామిడి రసం చేతులతో కొళాయి పట్టుకున్నా తిట్టలేదు. నాకు భయమేసింది, నిజం.

ఒకరోజు పొద్దున్నే అవ్వ చెంబు పట్టుకుని, తల మీద కొంగు సర్దుకుని, వీధి వాకిలి తీసి బయటికి నడిచింది. నీళ్ల కోసం పక్కింటికి! పక్కిల్లు సెల్వమ్మత్తది, ఇంట్లో అరవం, మాతో తెలుగు. వాళ్ల కొళాయికి ఏనాడో మరలు అరిగిపోయాయి. గుడ్డపేలికలు చుట్టుకుని, నీళ్లున్నంతసేపూ కారుతూ ఉండేది, వేలు తగిలిస్తే తిరిగేది. ఆ కారుడు గురించి అవ్వ గోడ మీదుగా సెల్వమ్మత్తకు పెట్టిన చీవాట్లు వీధంతటికీ తెలుసు. అలాంటి మనిషి ఆ కొళాయి ముందే వంగి, తన చేత్తో తిప్పుకుని, చెంబు నింపుకుని, ఎవరినీ చూడకుండా నడిచొచ్చింది. వీధి వాకిళ్లలో ముగ్గులు వేసే ఆడవాళ్లు ముగ్గు వదిలేసి చూశారు. సెల్వమ్మత్త బంగారం లాంటి మనిషి, ఒక్క మాట ఎత్తిపొడవలేదు. "మీ ఇల్లే అనుకో పెద్దమ్మా" అని మాత్రం అంది. ఆ నీళ్లు అవ్వ దేవుడి ముందర పెట్టి, దండం పెట్టుకుని, చాలా రోజుల తర్వాత కళ్లు మూసుకుని తాగింది.

ఇది మండీ దాకా పోవడానికి ఎంతసేపు? "మీ ఇంట్లో కొళాయి లేదా అప్పా, పెద్దామె పక్కింటికి పోతా ఉండాదంట?" అని ఎవరో అన్నారట. నాయన తూకం మధ్యలో వదిలేసి ఎర్రబడిన మొహంతో ఇంటికొచ్చాడు.

"మేమేం తక్కువ చేసినాం మా, నీకు? వీధిలో నా తలెట్ల ఎత్తుకునేది?"

"తక్కువేమీ సెయ్యలేదు నాయనా. అన్నీ మీరే సేస్తా ఉండారు." అవ్వ గొంతు హెచ్చలేదు. "నా సేతికి తిరిగే కొళాయి ఆడుండాది. అందుకని ఆడికి పోతా ఉండాను. నేను బతికుండంగానే నా సెయ్యి సచ్చిపోయిందని మీరనుకుంటే ఎట్ల?"

నాయన గచ్చు మీదికి పోయి కొళాయి తల రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాడు. తిరగలేదు. ఎడమ చేత్తో తిప్పి చూశాడు, తిరగలేదు. బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. కాసేపటికి వచ్చి అవ్వకు చెప్పాడు: ట్యూబు ముక్కకు బలం పెట్టి బిగిస్తే గానీ నీళ్లు ఆగవు, అంత బలం పెడితే నీ చేతికి రాదు, మెల్లగా కట్టినా నీళ్లు ఆపేది తోలు ఒక్కటే, అది నువ్వు వద్దన్నావు. అవ్వ వినింది. అన్నం కంచం ముందర చాలాసేపు మెతుకులు కెలికి లేచిపోయింది.

గంగమ్మ జాతర వచ్చింది. వీధంతా వేపాకు తోరణాలు, ప్రతి ఇంటి ముందర కుండల్లో రాగి అంబలి, నీరుల్లి ముక్కలు, మజ్జిగ పులుపు. వేషాలేసుకున్న వాళ్ల మొహాల మీద బొగ్గుమసీ సుద్దా చెమటకు కలిసి కారుతున్నాయి. పిల్లలమంతా అంబలి మీసాలతో వాళ్ల వెనక పరుగులు. డప్పులు మా ఇంటి ముందర ఆగాయి. దూరంగా చలి కాచుకుంటున్నట్టు మంట మీద తిరుగుతున్న డప్పొకటి, తోలు బిగిసి ఖంగుమంటోంది. అవ్వ గడపలో కూర్చుని ఆ వాయింపు వింటూ వింటూ నాయన పంచె లాగింది.

"రేయ్, ఆ డప్పుకు ఏం కట్టినారు?"

"తోలు మా."

"అది వాయిస్తే గంగమ్మ పలుకుతాదా, లేదా?"

"పలుకుతాది."

"గంగమ్మకు సెవుల్లోకి పోయేది నోట్లోకి పోగూడదా? పో, తీసుకురాపో."

ఎంత పంతం మనిషి! ఒట్టు తనే వేయించింది, తనే దారి కనిపెట్టుకుంది. నాయన చెప్పుల్లేకుండా పరుగెత్తి, డప్పులు కట్టే ఆయన దగ్గర ఇంకా దేనికీ వాడని కొత్త తోలు ముక్క అడిగి తెచ్చాడు. అవ్వ దానికి పసుపు రాసింది, దేవుడి గూటిలో పెట్టి దండం పెట్టింది. ఆముదంలో నానబెట్టి, మెత్తబడ్డాక, నాయన ఈసారి బుద్ధిగా వీధి వాల్వు కట్టి మరీ బిగించాడు.

నీళ్లొచ్చే పొద్దున ఎవరికీ అక్కడ పని లేదు, అయినా అందరం అక్కడే. అమ్మ ఆ చీకట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది, నాయన వేప్పుల్ల నములుతూ గోడకు వీపు రాసుకుంటున్నాడు, నేను స్తంభం చాటున. గొట్టం నిట్టూర్చింది. అవ్వ కొళాయి తల పట్టుకుని తిప్పింది. తిరగలేదు. నాయన నోట్లో వేప్పుల్ల ఆగిపోయింది. మా అమ్మ వైపు చూశాడు. అమ్మ మొహం పాలిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు, ఏళ్లుగా అలవాటైన భయం, చుక్క రాలుతుందేమోనని ఆమె వచ్చి గట్టిగా ఒక పట్టు పట్టింది. "నేనే అత్తా... తెలీకుండా చెయ్యి పోయింది" అని అమ్మ ఏడ్చేసింది. అవ్వ తిడుతుందని నేను కళ్లు మూసుకున్నాను. ఆమె నవ్వింది. "నువ్వేం సేస్తావే? బిగించు బిగించు అని నీకు నేర్పించిన ముండని నేనే కదా" అంది. అమ్మ తల మీద ఆ పట్టులేని చెయ్యి వేసింది.

నాయన ముందుకొచ్చి కొళాయి విప్పి, ధార పడకముందే మళ్లీ మెల్లగా, పడుకున్న పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు, ఊరికే ఆనించి వదిలేశాడు. చుక్క రాలలేదు. పక్కకు తప్పుకుని "ఇప్పుడు తిప్పు మా" అన్నాడు. అవ్వ రెండు వేళ్లూ బొటనవేలూ పెట్టింది. తిరిగింది. ఎర్ర నీళ్లు, ఆ తర్వాత తెల్లటి ధార, ఆ తర్వాత చెంబు నిండిన చప్పుడు. దేవుడి గూటి దాకా ఆమె మణికట్టు వణుకుతూ దారి పొడుగునా నీళ్లు ఒలికాయి. తుడవడానికి అమ్మ గుడ్డ తీసుకోబోతే నాయన చేత్తో ఆపాడు. ఆ తడి దానంతటదే ఆరేదాకా మేమెవరం అందులో అడుగు పెట్టలేదు.

ఆ రోజు నుంచి మా ఇంటి చట్టం తిరగబడింది. "బిగించొద్దు, ఆనించు" అన్నది కొత్త మంత్రం. చుట్టాలొచ్చి చెయ్యి కడుక్కుంటే అవ్వ కాపు కాసి చూసేది, ఎవరి భుజం కదిలినా ఊరుకునేది కాదు: "గమ్మున ఆనించప్పా, దాన్నేమన్నా దొంగలెత్తుకోని పోతారా?" ఎప్పటి గొంతు మళ్లీ వచ్చేసింది, నా చెవి మెలికలూ వచ్చేశాయి. అంత మెల్లగా కడితే వాషరు నలగక కొళాయి ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు, నాయన పానాకు తుప్పు పట్టింది. సెల్వమ్మత్త కొళాయికి కూడా నాయన చేత తోలు వేయించి, తన చేత్తో తిప్పి చూసి గానీ అవ్వ ఇంటికి రాలేదు. నడుము వంగినా, చూపు తగ్గినా, మొదటి చెంబు ఆఖరిదాకా ఆమే పట్టుకుంది. ఆమె పోయాక కూడా మా ఇంట్లో ఎవరమూ ఆ కొళాయిని బిగించలేకపోయాం. బిగించాలని చెయ్యి పెడితే మనసు రాదు, ఆనించి వచ్చేసేవాళ్లం.

ఇప్పుడు ఆ వీధిలో ప్రతి ఇంటి మీదా ట్యాంకు, ప్రతి గదిలో కొళాయి. నీళ్లు ఎప్పుడొచ్చాయో ఎవరికీ తెలియదు, మోటారు వేసినవాళ్లకు తప్ప. గొట్టం నిట్టూర్పు వినే చెవులు పోయాయి, మూతి గుడ్డలు పోయాయి, కొళాయి నుదుటి బొట్టు పోయింది. నా వంటింటి కొత్త పిడిని మోచేత్తో కూడా లేపొచ్చు, మంచిదే, అవ్వ ఉంటే సంతోషించేది. కానీ కొళాయి కట్టేటప్పుడు మన తర్వాత వచ్చే చెయ్యి ఎవరిదో ఒక్క క్షణం తలుచుకునే అలవాటు కూడా దాంతోపాటే పోయింది, అదే నాకు బెంగ.

మొన్న చిత్తూరులో ఒక పెళ్లికి పోయాను. భోజనానికి కూర్చోబోతూ చేతులు కడుక్కుందామని పోతే, ఆ మండపంలో ఇంకా పాతరకం కొళాయిలే, తల తిప్పేవి. ఎవరో మహానుభావుడు బిగించి పోయాడు. నాకీమధ్య బొటనవేలి మొదట్లో నొప్పి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుడిచేత్తో తిప్పాను, రాలేదు. చుట్టూ ఎవరూ చూడట్లేదని చూసుకుని రెండు చేతులూ వేశాను, రాలేదు. వెనక నుంచి పట్టులంగా కట్టుకున్న చిన్నపిల్ల ఒకతి "జరుగవ్వా, నేను తిప్పుతా" అని ఒంటి చేత్తో చటుక్కున తిప్పేసింది. ఎంత చక్కటి పిల్ల, ఎంత మంచి బుద్ధి! నీళ్లు నా చేతుల మీద పడుతున్నాయి, నాకు మాత్రం ఆ పిల్ల మీద ఒళ్లంతా మండిపోయేంత కోపం వచ్చింది. నవ్వు తెచ్చుకుని బాగుండమ్మా అన్నాను. అది ఇంకా సంతోషపడిపోయి, పక్కనున్న గ్లాసు నింపి రెండు చేతులతో నాకు అందించింది. వద్దు తల్లీ, వద్దు అన్నాను. నిజానికి నాకు చాలా దాహంగా ఉండింది.